హైదరాబాద్ నుంచి బెంగళూరు: సంసారం ఖర్చు ఎంత పెరుగుతుందో మనమే లెక్క కట్టుకోవడం ఎలా

నెట్‌లో రెండు ఊళ్ళ పేర్లు కొట్టగానే, ఒకటి ఇంకోదానికంటే ఇంత శాతం ఖరీదు అని వచ్చేస్తుంది. ఆ శాతం ఎవరి ఇంటిదో మాత్రం చెప్పరు. అందులో బీరు ధర ఉంటుంది, జిమ్ ఫీజు ఉంటుంది, ఇద్దరు హోటల్లో కూర్చుని తింటే అయ్యే బిల్లు ఉంటుంది. మా ఇంట్లో బీరు తాగేవాళ్ళు లేరు, జిమ్ముకి వెళ్ళేవాళ్ళు లేరు, హోటల్ అంటే ఎప్పుడో ఒక ఆదివారం బిర్యానీ పార్సిల్. మా డబ్బంతా పోయేది అద్దెకి, ఇద్దరు పిల్లల స్కూలుకి, పాలకి, పెట్రోలుకి, జనగామలో మా అత్తగారికి పంపేదానికి. ఆ శాతంలో మా ఇల్లు ఎక్కడా లేదు.

నేను ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా ఆయనకి బెంగళూరు ఆఫర్ వచ్చినప్పుడు ఇంట్లో అందరూ జీతం అంకె చూశారు, నేను ఎక్సెల్ తెరిచాను. ఆ షీటు ఎలా కట్టాలో ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఉన్నవి 2025 నాటి ధరలు. మీరు విజయవాడ నుంచి చెన్నైకి వెళ్తున్నా, విశాఖ నుంచి పుణెకి వెళ్తున్నా పద్ధతి ఇదే, అంకెలు మార్చుకోవాలంతే.

ముందే ఒక మాట. ఇంటి అద్దె పక్కన పెడితే నెలవారీ ఖర్చులో రెండు రాష్ట్రాలకీ తేడా భయపడినంత ఉండదు. అసలు తేడా ఒక్కసారి కట్టే వాటిలో ఉంటుంది, ఆపైన పిల్లల చదువులో ఉంటుంది. చాలామంది సరిగ్గా ఈ రెండూ వదిలేసి టమాటాల ధర దగ్గర కొట్టుకుంటారు.

మొదట మీ సొంత పద్దు

ఒక నెల ఖర్చు తీసుకుంటే చాలదు, ఏడాది మొత్తం తీసుకోండి. బండి ఇన్సూరెన్సు, స్కూల్ టర్మ్ ఫీజు, దసరా బట్టలు, ఊళ్ళో పెళ్ళిళ్ళు, ఇవన్నీ ఏడాదిలో ఏదో ఒక నెలలో పడేవే. బ్యాంక్ స్టేట్‌మెంట్, ఫోన్‌పే లేదా గూగుల్‌పే స్టేట్‌మెంట్, క్రెడిట్ కార్డు బిల్లులు దించుకోండి. నగదుగా ఇచ్చేవి చేత్తో రాయండి: పనిమనిషి జీతం, ఇస్త్రీ, పూలు, వాచ్‌మన్‌కి పండగ మామూలు.

ప్రతి పద్దు పక్కన ఒక అక్షరం పెట్టండి. ఊరు మారినా మారనిదైతే ‘మా’, మారేదైతే ‘తే’, కొత్తగా పుట్టుకొచ్చేదైతే ‘కొ’. లోన్ ఈఎంఐ, ఎల్ఐసీ ప్రీమియం, సిప్ (మ్యూచువల్ ఫండ్ నెల వాయిదా), ఫోన్ రీచార్జి, అత్తగారికి పంపేది, అన్నీ ‘మా’ కిందకే వస్తాయి. మా షీట్లో సగం పద్దులు ఇలా మొదటి రోజే పక్కకి వెళ్ళిపోయాయి. దాంతోనే సగం టెన్షన్ తగ్గింది.

సబ్బు, షాంపూ, ఫ్రిజ్, ఫోన్, పిల్లల షూస్ కూడా ‘మా’లోనే వేయండి. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చాక వీటి మీద పన్ను దేశమంతా ఒకటే. ఆదాయపు పన్నూ కేంద్రానిదే, ఏ రాష్ట్రంలో ఉన్నా ఒకే లెక్క. కాబట్టి రాష్ట్రం చెయ్యి పడే చోట్లు కొన్నే: పెట్రోలు, డీజిలు, మద్యం, కరెంటు, బండి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ చార్జీలు, వృత్తి పన్ను. మిగతా తేడాలన్నీ ఊరిని బట్టి, ఇంకా చెప్పాలంటే మీరుండే వీధిని బట్టి వచ్చేవే.

వృత్తి పన్ను గురించి జీతం లెక్కలు చెప్పేవాళ్ళు తెగ హడావుడి చేస్తారు. తెలంగాణలో నెలకి 20 వేలు దాటిన జీతానికి 200 రూపాయలు, అంటే ఏడాదికి 2,400. కర్ణాటకలో 25 వేలు, ఆపైన వచ్చే జీతానికి నెలకి 200, ఫిబ్రవరిలో మాత్రం 300, మొత్తం 2,500. తేడా ఏడాదికి వంద రూపాయలు. దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.

అద్దె, దాని వెనకున్న అడ్వాన్స్

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. బెంగళూరులో అద్దె ఎంత అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు పెట్టుకుని యశ్వంతపురంలో చవగ్గా ఇల్లు దొరికిందని సంబరపడితే, మిగిలిన డబ్బు క్యాబులకే పోతుంది. ముందు ఆఫీసు గేటు చూసుకోండి. ఆ తర్వాత స్కూలు. ఆ రెండింటి మధ్య పడే నాలుగైదు వీధుల్లో మాత్రమే అద్దెలు అడగండి. మాకు కుందలహళ్ళి వైపు కుదిరింది. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు బాగానే ఉంటారు, గోంగూర, ఆవకాయ దొరికే కొట్టుంది. అది లెక్కలోకి రాదు గానీ మనసుకి వస్తుంది.

హైదరాబాద్ నిజాంపేటలో మేం డబుల్ బెడ్‌రూమ్‌కి 24 వేలు కట్టేవాళ్ళం. కుందలహళ్ళిలో అలాంటిదే 36 వేలు. ఈ 12 వేల తేడా కంటికి కనిపించేది. కనిపించనిది అడ్వాన్స్. హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అద్దె అడ్వాన్స్‌గా ఇస్తాం. బెంగళూరులో ఒకప్పుడు పది నెలలు అడిగేవాళ్ళు, ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకి దిగారు. మమ్మల్ని 2 లక్షలు అడిగారు. ఇక్కడ ఇచ్చింది 48 వేలు. అంటే అదనంగా 1 లక్షా 52 వేలు మన చేతిలో లేకుండా ఓనరు దగ్గర ఉంటాయి. అదే డబ్బు ఏడు శాతం వడ్డీకి ఫిక్స్‌డ్‌లో ఉంటే ఏడాదికి 10,640 వస్తుంది, నెలకి సుమారు 900. ‘తిరిగి ఇస్తారు కదా’ అని దీన్ని ఖర్చు కింద రాయనివాళ్ళే ఎక్కువ. నేను రాస్తాను. నా డబ్బు ఇంకొకరి దగ్గర వడ్డీ లేకుండా కూర్చోవడం నాకు ఖర్చే.

అక్కడ ఇంకో ఆచారం ఉంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె అడ్వాన్స్‌లోంచి కోసుకుంటారు. గోడ మీద పిల్లలు గీత గీసినా గీయకపోయినా అంతే. ఒప్పంద పత్రంలో ఆ వాక్యం ఉంటుంది, వెతకండి. ఉంటే ఆ నెల అద్దెని ఇప్పుడే ఖర్చులో వేసేయండి. మూడేళ్ళు ఉంటే అద్దె నెలకి వెయ్యి పెరిగినట్టే. ‘రెండేళ్ళకి తగ్గ పెయింటింగ్ మాత్రమే తీసుకోండి’ అనో, ‘అసలు ఖర్చు ఎంతైతే అంతే తీసుకోండి’ అనో ముందే బేరమాడొచ్చు. తాళాలు చేతికి రాకముందు ఓనర్లు కాస్త మెత్తగా ఉంటారు.

అద్దెతో పాటు మూడు ప్రశ్నలు అడగండి. మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా, విడిగానా? నీళ్ళ బిల్లు మెయింటెనెన్స్‌లో ఉందా, ఫ్లాటుకి మీటరు ఉందా? పార్కింగ్ ఒక బండికా, రెండింటికా? మాకు మెయింటెనెన్సూ నీళ్ళూ కలిపి నెలకి 2 వేలు పెరిగింది.

నీళ్ళ సంగతి ఇంకొంచెం చెప్పాలి. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ పరిధిలో మీటరు, ఆధార్ లింకు ఉన్న ఇళ్ళకి నెలకి 20 వేల లీటర్లు ఉచితం, 2021 నుంచి నడుస్తోంది. బెంగళూరులో అడగాల్సింది ‘కావేరి కనెక్షన్ ఉందా’ అని, అంటే కావేరి నది నుంచి వచ్చే సర్కారు నీళ్ళ పైపు. ఉందని చెప్పినా ఆగకండి, ‘వారానికి ఎన్ని రోజులు వస్తాయి, మిగతా రోజులు బోరా, ట్యాంకరా’ అని అడగండి. 2024 మార్చిలో అక్కడ నీళ్ళకి కటకటలాడినప్పుడు జిల్లా యంత్రాంగం ట్యాంకరు ధరలు కట్టడి చేయాల్సి వచ్చింది: ఐదు కిలోమీటర్ల లోపు 12 వేల లీటర్ల ట్యాంకరుకి వెయ్యి రూపాయలు. ఆ తర్వాత అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలై శివారు గ్రామాలకి నీళ్ళిచ్చే పని పట్టాలెక్కింది. అయినా మీ అపార్ట్‌మెంటు పైపులో కావేరి ఉందో లేదో వాచ్‌మన్ చెప్పినంత నిజంగా బ్రోకరు చెప్పడు. ఎండాకాలం మెయింటెనెన్స్ రసీదు ఒకటి చూపించమనండి. ఏప్రిల్‌ది అయితే మరీ మంచిది.

లీజు అని ఇంకోటి చెబుతారు. పదిహేను, ఇరవై లక్షలు ఒకేసారి ఇచ్చేసి, నెలనెలా అద్దె లేకుండా ఉండటం, వెళ్ళేటప్పుడు డబ్బు వెనక్కి తీసుకోవడం. వినడానికి బాగుంటుంది. ఆ ఇంటి మీద ఓనరుకి బ్యాంకు లోన్ ఉండి అతను కట్టకపోతే మీ గతి ఏమిటో ఆలోచించుకోండి. నేనైతే దాని జోలికి పోను.

కరెంటు: ఎవరికి లాభమో యూనిట్లు చెబుతాయి

రెండు రాష్ట్రాల తేడా బాగా తెలిసేది కరెంటు బిల్లులో. తెలంగాణలో స్లాబు పద్ధతి. నెలకి వంద దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వందకి యూనిట్ 3.40, తర్వాతి వందకి 4.80. రెండు వందలు దాటితే లెక్కే మారిపోతుంది: మొదటి 200 యూనిట్లూ 5.10 కిందకి వెళ్తాయి, తర్వాత 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50. కర్ణాటకలో 2025-26కి ఇళ్ళన్నింటికీ యూనిట్ 5.80, ఎన్ని వాడినా అదే. కానీ కిలోవాట్‌కి నెలకి 145 రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ ఉంది. మూడు కిలోవాట్ల లోడు ఉన్న ఇంటికి ఫ్యాను వేయకపోయినా 435 కట్టాలి. తెలంగాణలో 800 యూనిట్లు దాటని ఇంటికి ఈ ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కి 10 రూపాయలే.

మూడు ఇళ్ళు ఊహించుకోండి. సర్‌చార్జీలు, పన్నులు పక్కన పెట్టి, యూనిట్ల ధరకి బెంగళూరులో మాత్రం ఫిక్స్‌డ్ చార్జీ కలిపి చూద్దాం. 180 యూనిట్లు వాడే ఇంటికి హైదరాబాద్‌లో 724, బెంగళూరులో 1,479. 350 యూనిట్లు వాడితే హైదరాబాద్‌లో 2,240, బెంగళూరులో 2,465. రెండు ఏసీలు తిరిగే ఇంట్లో 600 యూనిట్లు కాలితే హైదరాబాద్‌లో 4,590, బెంగళూరులో 3,915. చూశారా, తక్కువ వాడేవాళ్ళకి ఇక్కడ లాభం, ఎక్కువ వాడేవాళ్ళకి అక్కడ. కానీ నిజాంపేటలో మే నెలలో ఏసీ లేకుండా పిల్లలు నిద్రపోరు, కుందలహళ్ళిలో ఏసీ బిగించాల్సిన అవసరమే రాలేదు. అందుకే కరెంటుని ఒక నెల బిల్లుతో పోల్చకూడదు, పన్నెండు నెలల యూనిట్లతో పోల్చాలి. మా ఇంటికి ఏడాది మీద దాదాపు సమానం తేలింది.

దీని మీద గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం ఉంది. పేరు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే, రెండు చోట్లా 200 యూనిట్ల హద్దే, షరతులు మాత్రం వేరు. తెలంగాణలో తెల్ల రేషన్ కార్డు ఉండాలి. కర్ణాటకలో రేషన్ కార్డుతో పని లేదు, అద్దెకున్నవాళ్ళకీ వర్తిస్తుంది, కానీ ఎన్ని యూనిట్లు ఉచితమన్నది ఆ మీటరు పాత వాడకాన్ని బట్టి నిర్ణయిస్తారు. మీకంటే ముందున్నవాళ్ళ పేరు ఆ మీటరుకి అతుక్కుని ఉండొచ్చు, దాన్ని తీయించుకుని మీ పేరు నమోదు చేసుకోవాలి. ఇల్లు చూసేటప్పుడే పాత కరెంటు బిల్లు ఒకటి అడిగితే, మంజూరైన లోడు ఎంతో, ఉచితం పోను ఎంత కడుతున్నారో రెండూ ఒకే కాగితంలో కనపడతాయి.

వంటిల్లు, పెట్రోలు

ఇక్కడ బెంగళూరుకి మంచి మార్కులు పడతాయి. 2025 ఏప్రిల్‌లో పెంచాక కూడా కర్ణాటక సహకార డెయిరీ నందిని నీలం పాకెట్ పాలు లీటరు 46 రూపాయలు. హైదరాబాద్‌లో ఆ రకం పాలు లీటరుకి పది రూపాయల పైనే ఎక్కువ. కారణం ఏమిటంటే కర్ణాటక ప్రభుత్వం పాడి రైతుకి లీటరుకి 5 రూపాయలు ప్రోత్సాహకంగా ఇస్తుంది, ప్రభుత్వం ఊ అనకుండా నందిని ధర పెరగదు. రోజుకి లీటరున్నర వాడే మాకు నెలకి 450 మిగిలింది. పెరుగు బయట కొనే ఇల్లయితే ఇంకా మిగులుతుంది.

పెట్రోలు 2025లో హైదరాబాద్‌లో 107 దాటి ఉండేది, బెంగళూరులో 103 దగ్గర ఉండేది. నెలకి యాభై, అరవై లీటర్లు పోయించేవాళ్ళకి 250 రూపాయల దాకా మిగులు. అయితే బెంగళూరు ట్రాఫిక్‌లో అదే దూరానికి పెట్రోలు ఎక్కువ తాగుతుంది కాబట్టి ఈ మిగులుని చూసి మురిసిపోకండి. గ్యాస్ సిలిండరు ఏప్రిల్ 2025 పెంపు తర్వాత హైదరాబాద్‌లో 905, బెంగళూరులో 855.50. కూరగాయలు, బియ్యం, పప్పులు నేను పోల్చడం మానేశాను. ఇక్కడ రైతు బజారుకి వెళ్ళేవాళ్ళు అక్కడ యాప్‌లో తెప్పించుకుంటే ఖర్చు పెరుగుతుంది, రైతుల సహకార సంఘం నడిపే హాప్‌కామ్స్ దుకాణానికి వెళ్తే పెరగదు. అది రాష్ట్రం తేడా కాదు, మన ఓపిక తేడా.

ఆడవాళ్ళకి బస్సు రెండు చోట్లా ఉచితమే. కర్ణాటకలో 2023 జూన్ నుంచి శక్తి, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరు నుంచి మహాలక్ష్మి. కానీ శక్తికి కర్ణాటక అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపాలి, ఇక్కడ తెలంగాణది. వెళ్ళిన కొత్తలో ఆధార్ అడ్రస్ మార్చుకునేదాకా టికెట్ కొనాల్సిందే. ఏసీ బస్సులు ఎలాగూ ఇందులోకి రావు.

ఈ మూడింట్లో, అంటే పాలు, పెట్రోలు, గ్యాసులో మాకు నెలకి 750 మిగిలినట్టు రాశాను. అద్దె తేడా పన్నెండు వేల ముందు ఇదెంత!

బండి: తీసుకెళ్ళాలా, అమ్మేయాలా

మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకి మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. అంటే ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), లోన్ ఉంటే బ్యాంకు నుంచి ఇంకో ఎన్‌ఓసీ, అక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టడం. కర్ణాటకలో కారు లైఫ్ ట్యాక్స్ కొత్తదానికి 5 లక్షల లోపు 13 శాతం, 10 లక్షల లోపు 14, 20 లక్షల లోపు 17, ఆపైన 18. ఈ ట్యాక్స్ మీద మళ్ళీ సెస్సు. పాత బండికి వయసును బట్టి తగ్గిస్తారు. తొమ్మిది లక్షల ధర పలికిన మా ఐదేళ్ళ కారుకి లెక్క వేయిస్తే తొంభై వేలు దాటింది. ఇక్కడ కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి తగ్గ వాపసు అడగొచ్చు, కానీ అది అక్కడ కట్టాక, కాగితాలన్నీ పట్టుకుని మళ్ళీ ఇక్కడికొచ్చి తిరిగితే వచ్చే డబ్బు. నేను దాన్ని లెక్కలో సున్నా అనే రాశాను. వస్తే పండగ.

అందుకే నా సలహా సూటిగా చెబుతున్నాను. మూడేళ్ళు దాటిన కారుంటే హైదరాబాద్‌లోనే అమ్మేయండి. అక్కడికెళ్ళి కర్ణాటక (కేఏ) నంబరున్న సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుంటే దాని లైఫ్ ట్యాక్స్ ముందు ఓనరే కట్టేసి ఉంటాడు. మేం అదే చేశాం. స్కూటీకి లెక్క వేరు, విలువ తక్కువ కాబట్టి ట్యాక్స్ కూడా తక్కువే, పట్టుకెళ్ళొచ్చు. కొత్తగా కొనబోతున్నవాళ్ళు, ఉద్యోగం ఊళ్ళు తిప్పేదైతే, బీహెచ్ సిరీస్ గురించి కనుక్కోండి. 2021లో వచ్చింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకీ, నాలుగు లేదా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల వాళ్ళకీ అర్హత ఉంది. ట్యాక్స్ రెండేళ్ళకోసారి కట్టుకుంటూ పోవచ్చు, రాష్ట్రం మారినా నంబరు మారదు. మీ ఆర్టీఏ పరిధిలో ఇస్తున్నారో లేదో డీలరుకి డబ్బు కట్టకముందే అడగండి.

పిల్లల తరగతి చూసుకుని కదలండి

ఏ ఖర్చుల సైటులోనూ ఉండని పద్దు ఇది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దదీ ఇదే.

తెలంగాణలో ఎంబీబీఎస్ కన్వీనర్ కోటా (ప్రభుత్వం భర్తీ చేసే) సీటుకి లోకల్ అనిపించుకోవాలంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్ళు తెలంగాణలో చదవాలి. దీని మీద కోర్టుల్లో పెద్ద గొడవే నడిచింది, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ నిబంధన చెల్లుతుందని చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకీ, సైన్యంలో ఉన్నవాళ్ళ పిల్లలకీ, ఇలా కొందరికి మినహాయింపులున్నాయి. మనలాంటి ప్రైవేటు ఉద్యోగులకి లేవు. ఇక కర్ణాటకలో సీఈటీ (ఆ రాష్ట్ర ప్రవేశ పరీక్ష) సీట్లకి పిల్లలు ఒకటి నుంచి పన్నెండు దాకా కనీసం ఏడేళ్ళు ఆ రాష్ట్రంలో చదివి ఉండాలి, పదో తరగతో పన్నెండో తరగతో అక్కడే పాసవ్వాలి. తల్లిదండ్రులు అక్కడే చదువుకున్నవాళ్ళయితే వేరే దారులున్నాయి, మనకి అవి వర్తించవు.

ఈ రెండు నిబంధనలూ పక్కపక్కన పెట్టి వేళ్ళ మీద లెక్కపెట్టండి. పాప ఆరో తరగతిలో బెంగళూరు చేరితే పన్నెండు దాకా సరిగ్గా ఏడేళ్ళు. అక్కడ లోకల్. ఎనిమిదో తరగతిలో చేరితే పన్నెండుకి ఐదేళ్ళే. అక్కడ లోకల్ కాదు, తొమ్మిది నుంచి తెలంగాణలో చదవలేదు కాబట్టి ఇక్కడా కాదు. రెండు చోట్లా పరాయివాళ్ళే. అప్పుడు మిగిలేది నీట్ ఆలిండియా కోటా, జేఈఈ, లేదంటే లక్షల్లో ఉండే మేనేజ్‌మెంట్ సీటు. నెలకి ఇరవై వేలు ఎక్కువ సంపాదించి ఆరేళ్ళ తర్వాత అంతకు పదింతలు ఫీజు కట్టేవాళ్ళని ఊహించుకోండి.

కాబట్టి పిల్లల్ని తీసుకుని కదిలితే ఆరో తరగతి మొదలయ్యేలోపు కదలండి. వెళ్ళాక వెనక్కి రావాలనిపిస్తే తొమ్మిదో తరగతి మొదలయ్యేలోపు వచ్చేయండి. ఏడు, ఎనిమిది తరగతుల్లో ఆఫర్ వస్తే ఒకటి రెండేళ్ళలో తిరిగొచ్చే ప్లాను ఉంటేనే పిల్లల్ని తీసుకెళ్ళండి. పదిలోనో ఇంటర్‌లోనో ఉంటే ఒకరు వెళ్ళి పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉండటమే మేలు, ఆ పీజీ అద్దె, రాకపోకలు లెక్కలో వేసుకోండి. మా పెద్దది అయిదు పూర్తిచేసి ఆరులోకి వెళ్ళబోతోంది కాబట్టే నేను సరేనన్నాను. ఇంకో ఏడాది ఆలస్యమై ఉంటే మా ఆయన ఒక్కడే సూట్‌కేసు సర్దుకునేవాడు.

స్కూలు ఫీజులో నెలకి ఎంత పెరిగిందన్నది ఒకటి, చేరేటప్పుడు ఒక్కసారి కట్టే అడ్మిషన్ ఫీజు ఇంకోటి. రెండూ విడివిడిగా రాయండి. మాకు ఇద్దరికీ కలిపి నెలకి 3 వేలు పెరిగింది, అందులోనే కన్నడ ట్యూషన్ ఉంది. కర్ణాటకలో స్కూళ్ళలో కన్నడ తప్పనిసరి, 2015లో చట్టం చేశారు. ఇక్కడ తెలుగుకి 2018 చట్టం ఉన్నట్టే. చిన్నోడు రెండో తరగతి కాబట్టి ఆడుకుంటూ నేర్చేసుకున్నాడు. పెద్దదానికి మొదటి ఏడాది ట్యూషన్ పెట్టక తప్పలేదు. అడ్మిషన్ ఫీజు ఇద్దరికీ 80 వేలు.

సొంతూరు ఎటుంది

కాచిగూడ నుంచి యశ్వంతపురం ఆరు వందల పైచిలుకు కిలోమీటర్లు. 2023 సెప్టెంబరు నుంచి వందేభారత్ ఉంది, ఎనిమిదిన్నర గంటలు. నలుగురం వెళ్ళి రావాలంటే టికెట్లకే బోలెడు. సంక్రాంతికి ప్రైవేటు బస్సుల రేట్ల గురించి చెప్పక్కర్లేదు. మామూలు రోజుల ధరకి రెండింతలు వేసుకుంటేనే బడ్జెట్ నిలుస్తుంది.

అయితే ఇది అందరికీ ఖర్చు కాదు. అనంతపురం, హిందూపురం వాళ్ళకి బెంగళూరు పుట్టింటి పెరడు. మా అమ్మావాళ్ళది హిందూపురమే, వంద కిలోమీటర్లు. అత్తగారిది జనగామ. ఇదివరకు రెండు నెలలకోసారి అమ్మ దగ్గరికీ, నెలకోసారి జనగామకీ వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది. మా ఆయన దీన్ని ఖర్చు కింద రాయమంటాడు, నేను లాభం కింద రాస్తానంటాను. ఈ ఒక్క పద్దు మీద మాకింకా రాజీ కుదరలేదు. మొత్తం మీద నెలకి 2,500 పెరిగినట్టు ఇద్దరం ఒప్పుకున్నాం.

ఇప్పుడు కూడిక

నెలవారీ అంకెలు: అద్దె 12,000, అడ్వాన్స్ వడ్డీ 900, మెయింటెనెన్సూ నీళ్ళూ 2,000, స్కూలు 3,000, ప్రయాణాలు 2,500. మొత్తం 20,400. పాలు, పెట్రోలు, గ్యాసుల మిగులు 750 తీసేస్తే 19,650.

ఒక్కసారి ఖర్చులు: ప్యాకర్స్ 35 వేలు, బ్రోకరుకి ఒక నెల అద్దె 36 వేలు, అడ్మిషన్లు 80 వేలు, ఖాళీ చేసి వచ్చేటప్పుడు పోయే పెయింటింగ్ 36 వేలు. మొత్తం 1 లక్షా 87 వేలు. దీన్ని మీరు అక్కడ ఎన్నాళ్ళు ఉంటారో అన్ని నెలలతో భాగించండి. మొదట నేను మూడేళ్ళు అనే వేశాను, పెద్దదాని చదువు చూస్తే ఏడేళ్ళు ఉండాలి గానీ, ఉద్యోగాన్ని నమ్మి ఏడేళ్ళు వేయడానికి చెయ్యి రాలేదు. ముప్ఫై ఆరు నెలలకి నెలకి 5,200 పడుతుంది. అంతా కలిపితే దాదాపు 25 వేలు. ఏడాదికే తిరిగొచ్చే ఉద్యోగమైతే ఇదే లెక్క 35 వేలు దాటుతుంది. ఎన్నాళ్ళు ఉంటామన్నదాన్ని బట్టి ఖర్చు ఇంతలా మారుతుంది.

ఈ 25 వేలు చేతికి రావాల్సిన డబ్బు. ఆఫర్ లెటర్లో ఉండేది పన్నుకి ముందు అంకె. కొత్త పన్ను విధానంలో 16 నుంచి 20 లక్షల మధ్య ఆదాయం మీద 20 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 20.8. అంటే పెరిగే ప్రతి వందలో చేతికొచ్చేది 79 రూపాయల చిల్లర. 25 వేలని 0.792తో భాగిస్తే 31,566. ఏడాదికి సుమారు 3 లక్షల 80 వేలు. మాకు ఇది సున్నా గీత. హైక్ ఇంతకంటే తక్కువైతే బెంగళూరు వెళ్ళి మేం ఇక్కడికంటే ఇరుగ్గా బతుకుతాం, ఎక్కువైతే ఆ ఎక్కువే అసలు హైక్. ఆఫర్‌లో వేరియబుల్ పే, కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి పెద్ద అంకె చూపిస్తారు. వాటిని తీసేసి నెలనెలా ఖాతాలో పడేదాంతోనే ఈ గీతని పోల్చండి.

హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు ఈ రెండు మొత్తాలూ కలిపి అడగొద్దు. నెలవారీ 19,650 కోసం జీతంలో అడగండి. ఒక్కసారి ఖర్చుల్ని, పెయింటింగ్ తప్ప, రీలొకేషన్ కింద విడిగా అడగండి. జీతం పెంచడానికి బ్యాండ్ (ఆ హోదాకి కంపెనీ పెట్టుకున్న జీతం హద్దు) అడ్డొస్తుందని చెప్పేవాళ్ళు కూడా రీలొకేషన్ బడ్జెట్‌లో కాస్త ఉదారంగా ఉంటారు. ప్యాకర్స్ బిల్లు, బ్రోకరు రసీదు, రైలు టికెట్లు జీఎస్టీ నంబరుతో సహా దాచండి. బ్రోకరు రసీదు ఇవ్వనంటే బేరం అక్కడే ఆపండి, ఇచ్చేవాడు ఇంకొకడు దొరుకుతాడు. ఏడాది లోపు మానేస్తే రీలొకేషన్ డబ్బు వెనక్కి కట్టాలనే షరతు చాలా ఆఫర్ లెటర్లలో చివరి పేజీలో ఉంటుంది, సంతకం ముందు ఆ పేజీ కూడా చదవండి.